బామ్మర్దికి నేను ఎంచి ఇచ్చిన సూది

అల్లూరు చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు డీజే అంటే నేనే. అలాంటి రోజుల్లో నా భార్య తమ్ముడు పాత టర్న్‌టేబుళ్ళు రెండు సంపాదించాడు. పగలు రొయ్యల గుంటకు మేత చల్లేవాడు, ఖాళీ దొరికితే మోటారు షెడ్డులో రికార్డులు తిప్పేవాడు. వాడి చెయ్యి నాకంటే మంచిది. అది నాకు మొదటి రోజే అర్థమైంది.

కొడవలూరులో ఒక పెళ్ళికి వాడిని పిలిచారు. అది కుదిరితే గుంట పని మానేస్తానన్నాడు. సూది ఉండే కార్ట్రిడ్జ్ కొనడానికి మద్రాసు వెళ్ళి, షాపులోంచి ఫోన్ చేశాడు.

"బావా, రెండున్నాయి. ఒకటి గుండ్రటి మొన, చవక. ఇంకోటి సన్న మొన, కాస్త ఎక్కువ. ఏది తీసుకోమంటావు?"

రికార్డును చేత్తో ముందుకూ వెనక్కూ లాగేవాడికి గుండ్రటి మొనే కావాలి. అది గాడిని వదలదు. సన్న మొన కూర్చుని పాట వినేవాళ్ళది, వెనక్కి లాగితే ఎగిరిపోతుంది. ఇదంతా నాకు తెలుసు.

"చవకదాంట్లో ఏముంటాదిరా? సన్నందే తీసుకో, సౌండు అదిరిపోతాది" అన్నాను.

పెళ్ళి విందులో వాడు రికార్డు మీద చెయ్యి వేయగానే సూది ఎగిరింది. బరువు కోసం రూపాయి బిళ్ళ టేపుతో అంటించాడు. ఈసారి సూది కీచుమంటూ రికార్డంతా గీసుకుపోయింది.

"అన్నా, చేపకు పొలుసు తీస్తన్నావా?" అని ఎవరో అరిచారు. పందిరంతా నవ్వింది. నేను మైకు తీసుకున్నాను.

"మావోడిది మేత చల్లే చెయ్యి, ఏమనుకోబాకండి!"

వాడూ నవ్వాడు. నేను నా లాప్‌టాప్ తగిలించాను. ఆ వారమే వాడు టర్న్‌టేబుళ్ళు అమ్మేశాడు.

సహోదరుడితో సమాధానపడకుండా ప్రభువు బల్ల దగ్గరికి రావద్దని మా చర్చి అయ్యగారు ప్రతి నెలా రొట్టె పంచేముందు చెబుతారు. ఆరేళ్ళు విని కూడా రొట్టె తీసుకుంటూనే ఉన్నాను. పోయిన నెల రొట్టె పంచే ఆదివారానికి ముందు రోజు మాత్రం ఉండబట్టలేకపోయాను. గుంట దగ్గరికి వెళ్ళి వాడితో చెప్పాను.

"ఆ సూది పనికిరాదని నాకు తెలుసురా. తెలిసే కొనమన్నా."

మేత చల్లే చెయ్యి ఆగింది.

"షాపాయన మొత్తుకున్నాడు బావా, గుండ్రందే తీసుకోమని. మా బావకంటే నీకు తెలుసా అని ఆయన్నే కసిరినా. తర్వాత నువ్వు పొరబడినావనుకున్నా. అక్క ముందర నీకు నామోషీగా ఉంటాదని, నా చేతుల్లోనే పస లేదని అందరికీ చెప్పుకున్నా."

మళ్ళీ వాడే అడిగాడు.

"అక్కకు తెలుసా?"

"తెలీదు."

"చెప్పబాక."

అంతే. బుట్ట ఎత్తుకుని గట్టు వెంట అవతలికి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం నేను బల్ల దగ్గరికి వెళ్ళి రొట్టె తీసుకున్నాను. వాడు వెనక వరసలోంచి లేవలేదు. ఈ నెల కూడా లేవలేదు.