ఇంటి పెద్ద గడి

పద్మనాభం గారు ఎవరింటికి భోజనానికి వెళ్ళినా చెప్పులు విప్పుతూ అడిగే మొదటి ప్రశ్న, "మీ డబ్ల్యూ-ఫోర్ చివరిసారి ఎప్పుడు చూసుకున్నారు?" బాగున్నారా అన్నది ఆ తర్వాతే.

డబ్ల్యూ-ఫోర్ అంటే ఉద్యోగంలో చేరిన రోజు నింపి మరిచిపోయే కాగితం. ప్రతి జీతంలోంచి పన్ను కింద ఎంత పట్టుకోవాలో కంపెనీకి చెప్పేది అదే. అమెరికాలోని మా ట్రాయ్ ఊళ్ళో దాన్ని మరవని తెలుగువాడు ఆయనొక్కరే. వృత్తి కార్ల బ్రేకులు పరీక్షించడం. ఆయన లెక్కలో బ్రేకైనా పన్నైనా ఎక్కువ పట్టకూడదు, తక్కువా పట్టకూడదు.

ఒక పెళ్ళిలో తలంబ్రాలు పోసుకుంటుంటే ఆయన పెళ్ళికొడుకు చెవి దగ్గరికి వంగి, "ఇక నువ్వు సింగిల్ కాదు నాయనా, సోమవారమే ఫారం మార్చు" అన్నారు. ఒక సీమంతంలో పేరంటాళ్ళ వెనక నుంచి, "బిడ్డ పుట్టగానే ఫారంలో స్టెప్ త్రీ, అదే పిల్లల వివరం, నింపడం మర్చిపోకమ్మా!" అని కేకేశారు. ఎక్కువ పట్టుకున్న పన్ను భారీగా రిఫండ్ వచ్చిందని మా స్నేహితుల్లో జితేందర్ స్వీట్లు పంచితే పరామర్శకు వెళ్ళినట్టు వెళ్ళారు.

"నీ జీతమే నీకు ఏడాది లేటుగా ఇచ్చారు. దానికి మైసూర్‌పాకా?"

మైసూర్‌పాక్ మాత్రం రెండు తిన్నారు.

ఇక నా సంగతి. విడాకులైన సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. "రేణూ, మీ ఆయన రాలేదా?" అంటే "వేరే ఊళ్ళో ఆన్‌సైట్‌లో ఉన్నారు" అనేదాన్ని. ఆఫీసులో మాత్రం ఫారంలో 'సింగిల్' టిక్ చేసి కళ్ళు మూసుకున్నాను. జీతం అద్దెకీ, పాప ప్రణవి డే కేర్‌కీ సరిపోయి అక్కడితో ఆగిపోయేది. దాని స్విమ్మింగ్ క్లాసు మాన్పించాను.

ఆ నెల పద్మనాభం గారింట్లో పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చుకునే విందు. బేస్‌మెంట్‌లో నలభై మందికీ తలో డబ్ల్యూ-ఫోర్ కాగితం పంచి, ఆయన పాఠం మొదలుపెట్టారు. మొదటి రెండు గడులు, సింగిల్‌దీ జంటలదీ, రెండు నిమిషాల్లో ముగించారు. మూడోది 'హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్'. దాని మీద పావుగంట.

"అంటే ఇంటి పెద్ద. పెళ్ళి బంధంలో లేకుండా, బిడ్డని దగ్గర పెట్టుకుని, ఇంటి ఖర్చులో సగానికి మించి తనే భరించేవాళ్ళు. వాళ్ళు సింగిల్ టిక్ చేస్తే జీతంలో ఎక్కువ కోసేస్తారు."

"అంకుల్, ఇక్కడ అట్లాంటోళ్ళు ఎవరున్నరు? అందరం జంటలమే గదా!" అన్నాడు జితేందర్ ఆకలిగా.

"ఎవరికైనా చెప్పడానికి పనికొస్తుందయ్యా. విను."

ఆయన నా వైపు చూడలేదు. నేను కాగితాన్ని మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

ఇంటికెళ్ళి ప్రతి షరతూ సరిచూసుకున్నాను. అన్నీ నాకు సరిపోయాయి. సోమవారం మూడో గడి టిక్ చేసి, పాప వివరం స్టెప్ త్రీలో రాశాను. చేతికొచ్చే జీతం పెరిగింది. ప్రణవి మళ్ళీ నీళ్ళలో దూకింది.

థాంక్స్ చెబుదామని వెళితే ఆయన లేరు. ఆయన భార్య శేషమ్మ గారు కాఫీ ఇచ్చారు.

"నువ్వు ఒక్కదానివే నెట్టుకొస్తున్నావని ఆయన ఎప్పుడో కనిపెట్టారమ్మా."

"మరి నన్నే అడగొచ్చు కదండీ?"

"పదేళ్ళ కిందట నీలాంటి అమ్మాయినే పక్కకి పిలిచి అడిగారు. పాపం, సిగ్గుతో ముడుచుకుపోయింది. మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. అప్పట్నుంచీ ఒక్కరికి చెప్పాలంటే ఊరందరికీ చెబుతారు. పిచ్చాయన అనుకుంటే అనుకోనీ అంటారు."

తర్వాతి పాట్‌లక్ మా అపార్ట్‌మెంట్‌లో పెట్టాను. అందరూ వచ్చాక లేచి నిలబడ్డాను.

"నాకు విడాకులై రెండేళ్ళయింది. ఈ ఇంటికి పెద్దని నేనే. ప్రభుత్వం ఫారంలో కూడా అదే రాసి ఉంది."

పద్మనాభం గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ పైకప్పు కేసి చూశారు. జితేందర్ వంగి దండం పెట్టాడు.

"పెద్దమ్మా, ఇగ వడ్డించుమంటరా?"

"వడ్డించండి నాయనా" అన్నాను, ముప్ఫై నాలుగేళ్ళ పెద్దరికంతో.