పదకొండు నిమిషాల కంపెనీ

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మా ఆవిడ పెళ్ళైన వారంలోనే కనిపెట్టింది. దోహాలో తొమ్మిదేళ్ళు ఉద్యోగం చేసి కూడా ఆ కోపాన్ని ఒక్కరోజైనా ఆఫీసులోకి తీసుకెళ్ళలేదు. గుమ్మం బయట చెప్పులు వదిలినట్టు వదిలేసి లోపలికి వెళ్ళేవాణ్ణి. అలా వదిలేసి వెళ్ళినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకునే రోజు ఒకటుంది.

బయటి దేశాల నుంచి వచ్చి ఖతర్‌లో వ్యాపారం పెట్టుకునేవాళ్ళకి కాగితాలు సిద్ధం చేసి రిజిస్ట్రేషన్ చేయించడం మా కంపెనీ పని. బోర్డు మీద కన్సల్టెన్సీ అని పెద్ద అక్షరాలుంటాయి. కన్సల్ట్ చేసేది మేనేజరు, తిరిగేది నేను. ఏ సంతకం ఎక్కడ దొరుకుతుందో, ఏ ముద్ర లేకపోతే ఫైలు వెనక్కి వస్తుందో నాకు నిద్రలో అడిగినా తెలుసు. కానీ ఖతర్ ప్రభుత్వం ఇచ్చిన నా గుర్తింపు కార్డు మీద రాసింది టైపిస్ట్ అని. ఆ ఒక్క మాట వల్ల నాకు ఫ్యామిలీ వీసా రాదు. మా ఆవిడ కృష్ణా జిల్లాలో పుట్టింట్లోనే నాలుగేళ్ళు ఉండిపోయింది. పాపని రెండు సెలవల్లోనే చూశాను. ఫోన్‌లో నన్ను చూసి అది నాన్నా అనేది కాదు, దుబాయ్ అనేది. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా మా వాళ్ళకి అంతా దుబాయే.

ఒకరోజు మేనేజరు పిలిచాడు. ఒకప్పుడు సోవియట్ జెండా కింద ఉన్న దేశం నుంచి అధికారులు వస్తున్నారట. అక్కడ నిన్నమొన్నటిదాకా అన్నీ సర్కారు ఫ్యాక్టరీలే. అవి మూతపడ్డాయి. బయటివాళ్ళు వచ్చి పెట్టుబడి పెడితే తప్ప ఊళ్ళు బాగుపడవు. వచ్చినవాళ్ళేమో కాగితాల దగ్గరే విసిగి తిరిగి వెళ్ళిపోతున్నారు. గల్ఫ్‌లో కంపెనీ ఎంత తొందరగా పుడుతుందో కళ్ళారా చూసి, నచ్చితే, తమ దేశంలో కూడా అలా అన్ని కాగితాలూ ఒకేచోట తీసుకునే ఒకే కిటికీ ఏర్పాటు చేసే పని మా కంపెనీకి ఇస్తారట.

"చూపిద్దాం భాయ్. వాళ్ళ కళ్ళ ముందే ఒక కంపెనీ పెట్టి చూపిద్దాం" అన్నాడు మేనేజరు.

కాఫీ యంత్రాలు అమ్ముకునే ఒక ఇటలీ ఆయన ఫైలు దానికోసం ఎంచుకున్నారు. ఆ ఫైలు సిద్ధం చేయడానికి నాకు ఇరవై ఆరు రోజులు పట్టింది. ఆయన దేశంలో పడాల్సిన ముద్ర ఒకటి లేదని ఒక కాగితం ఇటలీకి వెళ్ళి వచ్చింది. ఆయన అద్దెకి తీసుకున్న షాపు తాలూకు అగ్నిమాపక కాగితం పాత అద్దెదారు పేరు మీదే ఉండిపోయింది. ఆ మనిషి ఎక్కడున్నాడో వెతకడానికే ఐదు రోజులు. షాపు యజమాని పెద్దాయన దోహా బయట ఉమ్ సలాల్‌లో తోట దగ్గర ఉంటాడు. సంతకం కోసం మూడుసార్లు వెళ్ళాను. మూడోసారి ఆయన డ్రైవరు, కడప మనిషి, నన్ను నీడలో కూర్చోబెట్టి టీ ఇచ్చాడు.

"ఏం తొందర్లే సామీ, కూచ్చో. నమాజు అయినాక వస్తాడు. మంచోడే, సంతకం పెడతాడు" అన్నాడు.

పెద్దాయన వచ్చి సంతకం పెట్టాడు, ఖర్జూరాలు కూడా ఇచ్చాడు. ఆయన తప్పేమీ లేదు. కిటికీ అవతల కూర్చున్నవాళ్ళ తప్పూ లేదు. అన్నీ ఉన్న ఫైలు అక్కడికి చేరితే పని నిజంగానే చకచకా అయిపోతుంది. కిటికీ దాకా వెళ్ళే దారే పొడుగు. ఆ దారి నా కాళ్ళకి తెలుసు. అందుకే మేనేజరుతో అన్నాను, "సార్, ఈ ఇరవై ఆరు రోజులు కూడా చూపిద్దాం. వాళ్ళకి పనికొచ్చేది అదే."

ఆయన పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "ఫైలు పెట్టినప్పుడు గడియారం మొదలవుతుంది. అంతకుముందుది కస్టమర్ తిప్పలు. నువ్వు నోరు మూసుకుని కాగితాలు అందించు, చాలు. ఇది అయిపోగానే నీ కార్డు మీద ప్రొఫెషన్ మార్పిస్తా. పెళ్ళాన్ని తెచ్చుకో."

నాలుగేళ్ళుగా అడుగుతున్నాను ఆ మార్పు. పెట్టాల్సింది ఒక్క దరఖాస్తు. దాన్ని సొరుగులో దాచి, నా నోటికి తాళం కావలసినప్పుడు బయటికి తీశాడు. ఒళ్ళు మండిపోయింది. సరే సార్ అన్నాను.

హోటల్ హాల్లో పెద్ద తెర, దాని మీద గడియారం. సూటు వేసుకున్న ఇటలీ ఆయన రిజిస్ట్రేషన్ గుమాస్తాకి ఎదురుగా కుర్చీలో, నేను ఆయన వెనక. ఒక్కో కాగితం నేను అందించడం, ఆయన అదేదో అప్పుడే పుట్టినట్టు పట్టుకోవడం. పదకొండు నిమిషాలకి తెర మీద రిజిస్ట్రేషన్ నంబరు వచ్చింది. చప్పట్లు కొట్టారు. మేనేజరు వంగి వంగి నమస్కారాలు పెడుతున్నాడు. ఇంతమంది చదువుకున్నవాళ్ళ చెవుల్లో ఇంత సులువుగా పువ్వులు పెట్టొచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

వచ్చిన అధికారుల్లో చప్పట్లు కొట్టనిది ఒక్కావిడ. అరవైకి దగ్గరపడ్డ మనిషి, మందపాటి కళ్ళద్దాలు, ఏసీకి స్వెట్టరు వేసుకుంది. నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంటూ కూర్చుంది. టీ తాగే దగ్గర నేరుగా నా దగ్గరికే వచ్చింది. వాళ్ళ ఊళ్ళో ఆపిల్ రసం ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్ళయిందనీ, దాన్ని తెరవడానికి బయటి దేశం ఆయన ఒకడు సిద్ధంగా ఉన్నాడనీ, ఆయన విసిగి వెళ్ళిపోకుండా చూడటం తన పనేననీ, ఒక్కో ఇంగ్లీషు మాటా ఏరుకుంటూ చెప్పింది.

"కాగితాలు అందించింది మీరే కదా? ఆ కాగితాలు చేతికి రావడానికి ఎన్ని రోజులు పట్టింది?"

సరిగ్గా అడగాల్సిన ప్రశ్న. అన్నేళ్ళలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న. బల్ల అవతల మేనేజరు చేతిలో కప్పు పట్టుకుని నన్నే చూస్తున్నాడు.

"పదకొండు నిమిషాలే మేడమ్. అన్నీ సిస్టమ్‌లోనే ఉంటాయి" అన్నాను.

ఆవిడ రాసుకుంది. నా ఈమెయిల్ కూడా రాయించుకుంది.

మేనేజరు మాట నిలబెట్టుకున్నాడు. కార్డు మీద డాక్యుమెంట్ స్పెషలిస్ట్ అని పడింది. మా ఆవిడ, పాప వచ్చారు. దోహా శివార్లలో అల్ వుకైర్‌లో చిన్న ఫ్లాట్ తీసుకున్నాం. శుక్రవారం ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టాం. పాస్టరుగారు సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడి, నాలుగేళ్ళు మూసుకుపోయిన ద్వారాన్ని దేవుడు తెరిచాడని చెప్పాను. అందరూ హల్లెలూయా అన్నారు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. టీ బల్ల దగ్గర సంగతి చెప్పలేదు. దేవుడి పేరు పెట్టి అంత శుభ్రంగా దాటేసినందుకు ఇప్పటికీ నా మీద నాకు అసహ్యమే.

ఏడాది తర్వాత ఆవిడ దగ్గరి నుంచి ఈమెయిల్ వచ్చింది. వాళ్ళ ఊళ్ళో ఆ ఒకే కిటికీ కోసం అద్దాల హాలు కట్టారు. మా కంపెనీయే ఏర్పాటు చేసింది. పదకొండు నిమిషాల్లో పని కాకపోతే గుమాస్తాల జీతాల్లో కోత. అందుకని వాళ్ళు, కాగితం ఒక్కటి తక్కువున్నా ఫైలు ముట్టుకోవడం మానేశారు. ముట్టుకుంటే గడియారం మొదలవుతుంది మరి. హాలు ఖాళీ, బయట మెట్ల మీద జనం. ఫ్యాక్టరీ తెరుస్తానన్న ఆయన ఎనిమిది నెలలు తిరిగి వెళ్ళిపోయాడు. అంతా రాసి, చివర్న ఒక్క మాట అడిగింది. మేము ఏ మెట్టు దగ్గర తప్పు చేశామో దయచేసి చెప్పగలరా అని.

నింద వేసి ఉంటే తట్టుకునేవాణ్ణి. తప్పు తమదే అనుకుంటోంది ఆవిడ. ప్రింటు తీసి మేనేజరుకి చూపించాను. చదివి మొహం వెలిగిపోయింది.

"బహుత్ అచ్ఛా! స్టాఫ్‌కి ట్రైనింగ్ కావాలని రాయి. అది వేరే ప్యాకేజీ."

ఆ కాగితం నలిపి ఆయన మొహాన కొట్టాలనిపించింది. తలూపి ఇంటికొచ్చాను.

ఇంట్లో మా ఆవిడకి తెలుగులో చదివి చెప్పాను, టీ బల్ల దగ్గర నేనన్న మాటతో సహా.

"మరి సాక్ష్యంలో దేవుడు తెరిచాడన్నారు కదండీ?"

అంతే, నాలుగు గోడలూ అదిరేలా అరిచాను. నువ్వు రావాలనే కదా, పాప ఇక్కడ ఉండాలనే కదా, ఎవరికోసం చెప్పాను అబద్ధం అని. పాప ఏడుపు అందుకుంది.

"మీ ఆఫీసాయన మీద అరవాల్సింది నా మీద అరుస్తారేంటండీ?" అంది పాపని ఎత్తుకుంటూ. "అరిచింది చాల్లెండి. ఆవిడకి ఉన్నది ఉన్నట్టు రాసెయ్యండి."

"ఆయనకి తెలిస్తే ఉద్యోగం పోద్ది. మీ ఇద్దరి వీసాలూ పోతాయి."

"పోతే ఎల్దాం. రాయండి."

రాశాను. ఇరవై ఆరు రోజులూ, రోజువారీగా. ఇటలీ ముద్ర, పాత అద్దెదారు, ఉమ్ సలాల్ తోట, ఏదీ వదల్లేదు. గడియారం మనిషి మొదటిసారి గుమ్మం ఎక్కిన రోజు నుంచి నడవాలని రాశాను. తక్కువున్న కాగితం ఎక్కడ దొరుకుతుందో చెప్పే మనిషిని మెట్ల మీదే కూర్చోబెట్టమన్నాను. ఆ రోజు మీతో అబద్ధం చెప్పానని కూడా రాశాను.

మూడు రోజులకి జవాబు వచ్చింది.

తను ఇప్పుడు ఆ పదవిలో లేదట. నా ఉత్తరం పట్టుకుని తన కుర్చీలో కూర్చున్న కొత్త అధికారి దగ్గరికి వెళ్ళిందట. ఆయన ఒప్పందం తీసి చూపించాడట. అందులో పదకొండు నిమిషాలని ఉంది, దాన్ని మార్చడానికి లేదు. ఇంకా ఇలా రాసింది: "ఆ రోజు హాల్లో చూసినది నేను నమ్మలేదు. అందుకే మీ దగ్గరికి వచ్చాను. ఒప్పందం మీద సంతకాలకు ముందు మా మంత్రి నన్ను అడిగాడు, ఇది నిజమేనా అని. కాగితాలు మోసిన మనిషినే అడిగాను, నిజమే అని చెప్పాను."