అత్త నిలబడిన తీరు

మొన్న మా మనవరాలు ఫోను తెచ్చి నా ముఖాన పెట్టి, "అమ్మమ్మా, ఈ ముసలావిడ అచ్చం నీలాగే ఉంది చూడు" అంది. ఎప్పుడో వచ్చిన టీవీ సీరియల్ ముక్క అది. తెల్లచీర కట్టుకుని, నెరిసిన జుట్టు ముడేసుకుని, వాకిట్లో నిలబడి, తనను ఇంట్లోంచి గెంటేసిన కొడుకుని చూస్తూ ఏడుస్తోంది. పోలిక ఉండక ఏం చేస్తుంది, ఆవిడ మా మేనత్త! పోయి చాలా ఏళ్ళయింది. ఆ సీరియల్ వచ్చే రోజుల్లో నేను బడి పేపర్లు దిద్దుకుంటూ చెవితో వినేదాన్నే గానీ తలెత్తి చూసింది తక్కువ. ఇప్పుడు తీరిగ్గా చూశాను. చూసి ఫోను బోర్లా పెట్టేశాను. "ఏం, బాగా చెయ్యలేదా?" అంది పిల్ల. చాలా బాగా చేసిందే, అందుకే తల కొట్టేసినట్టయింది అన్నాను. దానికేం తెలుసు పాపం, అది మా ఊరు నడికుడి ముఖం చూసిన పిల్ల కాదు.

మా నాన్న నడికుడిలో మిషన్ బడి పంతులు, పైగా చర్చిలో సంఘపెద్ద. అత్త ఆయనకు బాగా చిన్న చెల్లెలు. రైల్వే క్వార్టర్స్‌లో ఒక ఆంగ్లో ఇండియన్ గార్డుగారుండేవారు. ఆయన భార్యను ఊరంతా దొరసాని అనేది. ఆవిడ బిడ్డను ఆడించడానికి అత్త వెళ్ళేది. ఆ దొరసాని చిన్నప్పుడు ఎక్కడో బ్యాలే నేర్చుకుందట. బొగ్గు పొగ, ఆవిడ కాల్చే కేకు వాసన కలిసిపోయిన ఆ వరండాలో, కమ్మీ పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం అత్తకు నేర్పింది. అన్నిటికంటే ముందు నేర్పింది నిలబడటం. మడమలు రెండూ కలిపి, వేళ్ళు చెరోపక్కకు విప్పి, వెన్ను నిటారుగా పెట్టాలి. అత్త మా పెరట్లో అంట్లు తోముతూ లేచినా అట్లాగే నిలబడేది. నాయనమ్మ ఊరుకుంటుందా! "ఏందే ఆ బాతు నిలబడినట్టు? కాళ్ళు వంకర పోతయ్యి. నిన్నెవడు చేసుకుంటాడే?" అనేది.

క్రిస్మస్ నాటకంలో అత్త దేవదూత వేషం కట్టిన ఏడు, తెర వెనక నా చెయ్యి పట్టుకుని ఒక మాట చెప్పింది. "ముందు పాదాలు నిలబడాలే. అవి నిలబడినయ్యంటే ఇంక నువ్వు నువ్వు కాదు, వేషం." నాకప్పుడు ఆ మాటకంటే ఆమె అట్టముక్కల రెక్కల మీద ధ్యాస ఎక్కువ.

గార్డుగారికి మద్రాసు బదిలీ అయితే అత్తనూ తీసుకువెళ్ళారు. బిడ్డను చూసుకోవడానికని పోయిన మనిషి సినిమా గ్రూపు డాన్సుల్లో తేలింది. నరసరావుపేట హాల్లో అత్త ఉన్న సినిమా ఒకటి ఆడింది. సినిమాలు చూడటం పాపమని కూర్చున్న మా సంఘంలో సగంమంది పేట వెళ్ళి, చూసొచ్చి మరీ పాస్టరుగారికి సాక్ష్యం చెప్పారు. చూసినవాళ్ళకు ఏ శిక్షా లేదు. ఆడినమ్మకు మాత్రం బల్ల ఆపేశారు. బల్ల అంటే ప్రభువు బల్ల, నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. ఆపేస్తే వెలి వేసినట్టే. మళ్ళీ చేరాలంటే ఆదివారం ఆరాధనలో అందరి ముందు నిలబడి తప్పు ఒప్పుకోవాలి.

ఆ ఏడు నాయనమ్మకు ఆయాసం ముదిరింది. ఆమెకు ఒకటే కోరిక, పోయేలోగా కూతురి పక్కన కూర్చుని ఒక్కసారి బల్ల తీసుకోవాలని. "గోటితో పోయేదానికి గొడ్డలెందుకురా? నువ్వూ పెద్దవే గదా, నలుగురికీ చెప్పి కానియ్యి" అని నాన్నను బతిమిలాడింది. నాన్న వినలేదు. "నా చెల్లెల్ని నేనే వదిలేస్తే రేపు నా మాటకేం విలువుంటదమ్మా?" అన్నాడు. ఆయన విలువ కోసం అత్తకు కబురెళ్ళింది. వాళ్ళమ్మ కోసం అత్త దిగింది.

చర్చిలో పిల్లలం ముందు చాపల మీద కూర్చునేవాళ్ళం, అందుకని నాకు అత్త మొహం కంటే పాదాలే దగ్గర. తప్పు ఒప్పుకుంటావా అని పాస్టరుగారు అడిగారు. అత్త నోరు తెరిచి "నేను" అంది, అంతే, ఆ మాట ఇంక ముందుకు కదల్లేదు. కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ముక్కు కారింది. ఆడవాళ్ళంతా ఏడ్చారు, పాస్టరుగారూ కళ్ళద్దాలు తీశారు. అత్తకు రొట్టె ఇచ్చారు. నాయనమ్మ కూతురి చెయ్యి పట్టుకునే తిన్నది.

ఇంటికొచ్చాం. నాన్న చొక్కా కూడా విప్పకుండా గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు అత్తే ఫక్కున నవ్వింది. "ఎట్టా చేశా అన్నయ్యా? ఈ ఏడుపు మద్రాసులో ఏడిస్తే హీరోయిన్ని చేసేవాళ్ళు గదా!" అంది. అబ్బ, ఎంత తేలికపడ్డామో! అందరికంటే పెద్దగా నవ్వింది నాన్న. ఆ తర్వాత ఎన్నేళ్ళో మా ఇంట్లో అది వేడుక కథ. సంఘాన్నంతా బోల్తా కొట్టించిన అత్త కథ. బడి స్టాఫ్ రూములో నేనూ ఎన్నిసార్లు చెప్పి నవ్వించానో. అత్త మళ్ళీ మా చర్చి గడప తొక్కలేదు. షూటింగులున్నాయి అనేది. అదీ నమ్మాం.

మనవరాలు పడుకున్నాక ఆ ముక్క మళ్ళీ పెట్టుకుని చూశాను. వాకిట్లో ముసలి అత్త, గడ్డం నిటారుగా ఎత్తి, తుడుచుకోకుండా ఏడుస్తోంది. కన్నీళ్ళు ఎంత అందంగా జారుతున్నాయో! కుచ్చిళ్ళ కింద, ఆ వయసులోనూ మడమలు రెండూ కలిసి ఉన్నాయి, వేళ్ళు చెరోపక్కకు విచ్చుకుని ఉన్నాయి. ఆ ఆదివారం చర్చిలో నా కళ్ళెదుట చాప అంచున నిలబడిన ఆ పాదాలు ఇట్లా లేవు. వేళ్ళు లోపలికి ముడుచుకుని, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ, దెబ్బలు తిన్న పిల్ల పాదాల్లా ఉన్నాయి.

అత్త ఆ రోజు వేషం వేసింది చర్చిలో కాదు, మా ఇంట్లో. మాకెవరికీ సిగ్గు కలగకుండా చేయడానికి వేసింది. నాకు ఆ సిగ్గు రావడానికి ఒక జీవితకాలం పట్టింది, తీరా వచ్చాక తలవంచుకుని నిలబడదామంటే ఎదురుగా అత్త లేదు.