గ్వాట్ హోంగ్ మొగుడి కంచు విగ్రహం

పెనాంగ్ పాత బజారులో గ్వాట్ హోంగ్ బియ్యపు నూడుల్స్ వేయించి అమ్ముతుంది. ఆమె పెనం ముందు చెమటోడ్చిన కాలమంతా మొగుడు టేక్ హువాట్ ఎదురు కాఫీ కొట్లో పిట్ట పంజరం పక్కన కూర్చున్నాడు. పిట్ట కూసేది, ఈయన వినేవాడు. అంతకు మించి ఆ మహానుభావుడి చరిత్రలో రాయడానికేమీ లేదు. ఒక్కసారి మాత్రం, ఆమె పిల్లకు పాలివ్వడానికి లోపలికి వెళ్తే, పొయ్యి దగ్గర నిలబడి విసనకర్ర ఊపాడు. ఎవరో తెల్లదొర సరిగ్గా అప్పుడే ఫోటో తీశాడు.

ఆయన పోయిన కొన్నేళ్లకు, ఊరిని ముస్తాబు చేసే పెద్దలు ఆ ఫోటో చూసి మురిసిపోయి, ఆమె బండి పక్కనే నిలువెత్తు కంచు విగ్రహం పెట్టారు. కింద ‘శ్రమజీవి’ అని చెక్కించారు. గ్వాట్ హోంగ్‌కు ఒళ్లు మండిపోయింది.

“ఆ కండలు చూశావుటే?” అంది పక్కన పళ్లమ్మే ‘ఆ లాన్’ అనే ఆవిడతో. “పంజరం మోస్తేనే చెయ్యి నెప్పనేవాడు, సచ్చినోడు!”

అంతటితో పోలేదు. మునిసిపల్ ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు.

“ఆంటీ, మీ బండి ఫోటోలకి అడ్డొస్తోందట. సోమవారానికల్లా వెనక సందులోకి మార్చెయ్యండి.”

“నూడుల్స్ అమ్మేవాడి బొమ్మ కోసం నూడుల్స్ అమ్మేదాన్ని లేపేస్తావా? బుద్ధుందా నీకు?”

“నన్నంటే ఏం లాభం ఆంటీ, పైవాళ్ల మాట.”

వెనక సందులో ఎలుకలు తప్ప తినేవాళ్లు లేరు. అక్కడికి వెళ్తే పొయ్యి ఆర్పుకున్నట్టే.

ఆదివారం పొద్దున్నే ఆమె విగ్రహం మెడకు ఎర్రగుడ్డ కట్టింది. కాళ్ల దగ్గర ఇసుక డబ్బాలో మూడు అగరొత్తులు గుచ్చి, ఒక ప్లేటు నూడుల్స్, ఒక కాఫీ పెట్టింది. ఎర్రగుడ్డ కట్టి ధూపం వేస్తే ఆ ఊళ్లో రాయిని కూడా ఎవరూ కదపరు. మధ్యాహ్నానికి పళ్ల ‘ఆ లాన్’ కమలాపళ్లు తెచ్చింది. సాయంత్రానికి లాటరీ నంబరు చెప్పమని వేడుకునే వెర్రివాళ్లు వరస కట్టారు.

సోమవారం అధికారి వచ్చాడు. చూశాడు. తెలియకుండానే చేతులు జోడించాడు.

“రోజూ మీరే పెడతారా ఆంటీ, ఈయనకి?”

“మరెవరు పెడతారు? నేను సందులోకి పోతే పస్తుంటాడు. కోపమొస్తే ఎవరి మీద చూపిస్తాడో నాకు తెలీదు బాబూ.”

“వద్దొద్దు! మీరిక్కడే ఉండండి.”

బండి ఉన్నచోటే నిలిచింది. కానీ ధూపం ఆగితే బండీ సందులోకి పోతుంది. ఇంట్లో మొగుడి పటానికి ఒక్క అగరొత్తి వెలిగించని మనిషి ఇప్పుడు రోజూ నలుగురిలో ఆ సోమరిపోతుకు మూడుసార్లు వంగాలి. కడుపు రగిలిపోతుంది. అయినా వంగుతుంది. వంగినప్పుడల్లా ఏదో గొణుగుతుంది. జనం మంత్రమనుకుంటారు.

“బతికినన్నాళ్లూ కూర్చోబెట్టి మేపాను. చచ్చాకైనా నిలబడి పని చెయ్యి, వెధవా.”