బట్టలు కుట్టిన మిక్సీ

మా వీధిలో ఎవరు కొత్తగా అద్దెకు దిగినా, సామాను సర్దుకోకముందే వాళ్ల చెవిన పడే కథ ఒకటుంది. మలుపు దగ్గర కుట్టుషాపు నడిపే మిషనమ్మ ఒకప్పుడు అత్తగారి మీద కోపంతో ఆవిడ మిక్సీని రోకలిబండతో పగలగొట్టిందట. పాపం ఆ పెద్దావిడ ఆఖరిదాకా పొడులు పక్కిళ్లలో కొట్టించుకుంటూ బతికిందట. మొన్న ఎదురింట్లో దిగిన కోడలుపిల్ల ఈ కథ నాకే చెప్పింది. రోకలిబండ కాస్తా ఆ పిల్ల నోట్లో గొడ్డలైంది.

నాకు చెప్పినందుకు నాకేం కోపం లేదు. ఆ కథ పుట్టించింది నేనే. ముప్ఫై ఏళ్ల కిందట నా నోట జారిన మాట వీధంతా తిరిగి, గొడ్డలి భుజాన వేసుకుని మళ్లీ నా గుమ్మంలోకే వచ్చింది. అందుకే కూర్చుని రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. అక్షరాల్లో తప్పులుంటే సర్దుకుని చదవండి. కథలో మాత్రం ఇక తప్పు ఉండకూడదు.

మిషనమ్మకి చిన్నతనంలో జ్వరం తగిలి రెండు కాళ్లూ మోకాళ్ల కింద పట్టు తప్పాయి. చంకకర్రల మీద నడుస్తుంది. నడుస్తుందనడం కూడా సరికాదు, దూసుకుపోతుంది. ఆ కర్రల టకటక వినపడితే దారికడ్డంగా సైకిలు పెట్టినవాళ్లు పరుగున వచ్చి తీసేస్తారు. మొగుడు బస్సు డ్రైవరు. నెమ్మదస్తుడు, ఇంట్లో ఇద్దరాడవాళ్ల మధ్య హారన్ కొట్టకుండా బతికినవాడు.

అప్పట్లో ఆమెని మిషనమ్మ అనేవాళ్లం కాదు. గుండీలమ్మ అనేవాళ్లం. మేస్త్రి షాపులో ఆరు కాలిమిషన్లుండేవి, ఆరుగురు మగవాళ్లు తొక్కేవాళ్లు. ఆమె గుమ్మం పక్కన, చెప్పులు విడిచే చోట చాప వేసుకుని కూర్చుని గుండీలు కుట్టేది, కాజాలు తీసేది, అంచులు మడిచేది. ఎనిమిదేళ్లు అలాగే కూర్చుంది. పని చేతుల్లో ఉన్నా కళ్లు మాత్రం మిషన్ల మీదే. ఎవడు కాలరు మలుపులో గుడ్డ లాగేస్తాడో, ఎవడు చంక దగ్గర కుట్టు ఎగరగొడతాడో, అన్నీ ఆమెకి తెలుసు. మిషను ముందు కూర్చోవాలని ఒకటే కోరిక.

ఇంట్లో వాళ్లమ్మ వాడిన చేతిమిషను ఒకటుండేది. కుడిచేత్తో పిడి తిప్పుతూ ఎడంచేత్తో గుడ్డ తోసుకోవాలి. దిండుగలీబులకి సరిపోతుంది. కాలరు అలా రాదు. మలుపు దగ్గర గుడ్డకి రెండు చేతులూ కావాలి. ఒక చెయ్యి పిడి మీద ఉంటే కాలరు కుక్కచెవిలా వంకరపోతుంది.

ఒకరోజు మధ్యాహ్నం ఒక మిషను ఖాళీ అయింది. తొక్కేవాడు వేరే ఊళ్లో పని దొరికి వెళ్లిపోయాడు. అప్పుడే అత్తగారు కోడలికి అన్నం కారియరు పట్టుకుని షాపు మెట్లెక్కుతోంది.

"మేస్త్రీ, ఆ మిషను నాకివ్వండి," అంది కోడలు.

"ఇస్తాను సరే, తొక్కేదెవరు?"

"ఏదో దారి చూసుకుంటాను."

"కాళ్లక్కర్లేని మిషను పుట్టినప్పుడు కబురుపెట్టు. నిన్నే ముందు కూర్చోబెడతా," అన్నాడు మేస్త్రి.

ఉన్న ఐదుగురూ నవ్వారు. నవ్వడానికి మిషన్లు కూడా ఆపారు. అత్తగారు కారియరు గుమ్మంలో పెట్టి, వెనక్కి తిరిగి వచ్చేసింది. ఇంతవరకూ షాపు ఎదురుగా బట్టలు ఆరేసుకుంటూ నేను స్వయంగా చూసిందే.

ఆ తర్వాత రెండు వారాల్లో నేను మూడు వింతలు చూశాను.

రోజూ పదకొండింటికి వాళ్లింటికి వెళ్లడం నాకు అలవాటు. పనేమీ ఉండదు, ఊరికే చూసిపోవడానికి. షాపుకి సెలవైన ఒకరోజు వెళ్లి బెల్లు నొక్కబోతే నొక్కడానికి మీట లేదు. గోడలోంచి రెండు వైర్లు బయటికొచ్చి, వాటి మొనలకి టేపు చుట్టి ఉంది. తలుపు కొట్టాను. "తర్వాత రండి పెద్దమ్మా" అని లోపల్నుంచే కోడలు అంది. నన్ను తర్వాత రమ్మన్నవాళ్లు ఆ వీధిలో అంతవరకూ లేరు.

కిటికీలోంచి చూశాను. ఫ్యాను పిచ్చెత్తినట్టు తిరుగుతోంది. గోడ మీది కేలండరు రెక్కలు కొట్టుకుంటోంది. అంత గాలి అవసరమైన ఎండలు కావవి. అత్తగారు శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. ఇది రెండోది.

మూడోది చెత్తకుండీ దగ్గర. అత్తగారి మిక్సీ డొక్కు, తెల్లగా మెరుస్తూ, లోపలంతా ఖాళీ. ఆ మిక్సీ గురించి చెప్పాలి. మా వీధిలో అదే మొదటిది. కొడుకు తెచ్చిచ్చాడు. ఆవిడ దానికి గుడ్డ తొడుగు కుట్టించి, చంటిపిల్లని దాచినట్టు దాచేది. మేం తాకబోతే "చూడండి, ముట్టుకోకండి" అనేది. అలాంటి మిక్సీ కుండీ పక్కన పడి ఉంటే నేనేమనుకోవాలి?

మూడూ కలిపి చూసుకున్నాను. కోడలు ఇల్లు పీకి పందిరేస్తోందని తేలిపోయింది. మేస్త్రి మీద కోపం అత్తగారి మీద తీర్చుకుంటోందన్నమాట. నాలుగురోజుల్లో అత్తగారు డబ్బాలో మిరియాలు పోసుకుని నా గుమ్మంలోకి వచ్చింది, కాస్త పొడి కొట్టివ్వమని.

"మీ మిక్సీకి ఏమైంది వదినా?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"అదో కథలే," అని మూతి బిగించింది.

ఆ బిగించిన మూతి చాలు నాకు. మిగతాది నేనే నింపాను. రోకలిబండ పూర్తిగా నాది. ఖాళీ డొక్కు చూసినవాళ్లకి ఏదో ఒక ఆయుధం చూపించకపోతే నమ్మరు కదా. సాయంత్రానికి కుళాయి దగ్గర అందరికీ తెలిసిపోయింది.

అసలు జరిగిందేమిటో పోయినేడు తెలిసింది. అత్తగారు మంచాన పడింది. రోజూ వెళ్లి పక్కన కూర్చునేదాన్ని. ఒకరోజు ఆవిడే మొదలుపెట్టింది.

"ఆ రోజు షాపు నుంచి వచ్చి మిక్సీలో పొడి వేశాను వదినా. కోపం ఇంకా దిగలేదు. మిక్సీ గుర్రుమంటోంది. ఒక్కసారి దాని వంక చూశాను. సాయంత్రం కోడలు రాగానే దాని ముందు నిలబెట్టి అడిగాను, ఏమే, ఇది కాలితో తిరుగుతోందా అని."

కోడలు మిక్సీని చూసిందట, అత్తగారిని చూసిందట. వెళ్లి చేతిమిషను తెచ్చి దాని పక్కన పెట్టిందట.

"విప్పేముందు మూడుసార్లు అడిగింది, అత్తయ్యా ఆలోచించుకోండి, మళ్లీ బిగించడం నాకు రాదు అని. నాకు ఆలోచించే తీరిక లేదే, ఆ ఐదుగురి నవ్వు ఇంకా చెవిలోనే ఉంది అన్నాను. మొదటి స్క్రూ నేనే తిప్పాను వదినా. ఎటు తిప్పితే ఊడుతుందో తెలీక ముందు బిగించాను."

చేతిమిషను పిడి తీసేసి, మిక్సీ మోటారుని బల్లకి బిగించి, చక్రానికీ మోటారుకీ నాడా చుట్టి స్విచ్చి వేశారట. మిషను బల్ల మీద గెంతింది. సూది విరిగి అత్తగారి తలపైనుంచి ఎగిరిపోయింది. మూరెడు గుడ్డ కళ్లు మూసి తెరిచేలోగా ఉండ చుట్టుకుపోయింది. మిక్సీకి తెలిసింది నలగ్గొట్టడమే, దానికి కుట్టడం ఎవరు నేర్పారు కనుక. దాన్ని నెమ్మది చేయాలి. ఇంట్లో నెమ్మది చేసే వస్తువు ఒకటే ఉంది, ఫ్యాను రెగ్యులేటరు. పీకేశారు. అప్పట్నుంచి వాళ్లింట్లో ఫ్యానుకి ఒకటే వేగం.

ఇక ఆపడం, కదిలించడం. రెండు చేతులూ గుడ్డ మీద ఉండాలి, కాళ్లు పనికిరావు. మిగిలింది మోచెయ్యి. నొక్కితే పని చేసి, వదిలితే ఆగిపోయే మీట కావాలి. అది గుమ్మం దగ్గర ఉంది, రోజూ నేను నొక్కేదే. దాన్ని పీకి బల్ల అంచున ఎడమ మోచేతి కిందికి బిగించారు.

కొడుకు డ్యూటీ దిగి ఇంటికొచ్చాడు. బెల్లు లేదు, తలుపు కొట్టుకుని లోపలికొచ్చాడు.

"అమ్మా, మిక్సీ ఏది?"

"బట్టలు కుడుతోంది."

"ఫ్యానేంటి ఇలా తిరుగుతోంది?"

"దాన్ని ఆపేది కూడా బట్టలే కుడుతోంది."

"మరి బెల్లో?"

"అదీను. నువ్వు కాళ్లు కడుక్కురా, నీకూ పనుంది."

మర్నాడు అతను డిపో నుంచి పాత రబ్బరు ముక్క తెచ్చి, జారిపోతున్న నాడా తీసేసి బెల్టు కోసిచ్చాడు. బస్సులకి వైర్లు వేసే స్నేహితుణ్ణి పట్టుకొచ్చి, కోడలికి రెండుసార్లు షాకు కొట్టిన చోట సరిచేయించాడు. నెల రోజులు ఆమె పాతగుడ్డల మీద కుట్టింది. ఒకసారి సూది గోట్లోంచి దిగి అవతలికొచ్చింది. కట్టు కట్టుకుని, మిగతా వేళ్లతో మళ్లీ కూర్చుందట.

తర్వాత చేసిన పని ఆమెకే చెల్లింది. గుండీలు కుట్టడానికి ఇంటికి తెచ్చుకునే బడిపిల్లల చొక్కాల కట్టలో, ఇంకా కాలరు వేయని పన్నెండు చొక్కాలు కూడా కలిపి తెచ్చింది. పన్నెండుకీ కాలర్లు కుట్టి కట్టలో కలిపేసింది. మేస్త్రి ఒక్కొక్కటీ తిప్పి చూస్తూ, "ఇవి ఎవరు కుట్టార్రా? మీ ఐదుగురిలో ఇంత చెయ్యి ఎవరికుంది?" అన్నాడు.

"నేను," అంది గుమ్మం దగ్గర్నుంచి.

"నువ్వు కుడితే, తొక్కిందెవరు?"

"ఎవరూ తొక్కలేదు. మీరే కదా కబురుపెట్టమన్నారు. పుట్టింది, వచ్చి చూసుకోండి."

మేస్త్రి వచ్చాడు. వీధిలో సగం మంది వెనకాల వచ్చారు. ఆ పూట నేను మా చెల్లెలి ఊళ్లో ఉన్నాను. జీవితంలో నేను చూడకుండా పోయిన ముఖ్యమైన సంఘటన అదొక్కటే. నేను తిరిగొచ్చేసరికి ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పారు. కోడలు మిక్సీ పగలగొట్టి, దాని ముక్కలతో కుడుతోందన్నారు. అలా నా కథ ఇంకా గట్టిపడింది. మేస్త్రితో మాటలు మాత్రం అందరూ ఒకేలా చెప్పారు.

మేస్త్రి చుట్టూ తిరిగి చూసి, "ఇది మిషను కాదు, మిక్సీ," అన్నాడు.

"కాలరు మిషనుదేగా."

"కరెంటు పోతే?"

"కరెంటు పోతే మీ చీకటి షాపులో సూదిలో దారం ఎక్కించేవాడెవడు? వాళ్లు ఆగినంతసేపు నేనూ ఆగుతాను."

"మోటారు కాలిపోతే?"

"మీ ఐదుగురిలో ఎవరికి జ్వరం రాలేదు చెప్పండి."

మేస్త్రి గడ్డం గోక్కున్నాడు. మంచివాడే, ఓడిపోవడం అలవాటు లేదంతే. "సరే, రేపు బల్ల తెచ్చుకో. వెనక గోడ పక్కన చోటిస్తాను," అన్నాడు.

"గోడ పక్కన వద్దు. ఎనిమిదేళ్లు చెప్పుల పక్కన కూర్చున్నాను. కిటికీ కింద, మొదటి జాగా ఇవ్వండి. లేకపోతే ఇక్కడే కుట్టుకుంటాను, కాలర్లు మీరే మా ఇంటికి పంపుదురుగాని."

మొదటి జాగా ఇచ్చాడు. ఆ కిటికీ మా పెరటికి ఎదురు. ఏళ్ల తరబడి ఆ గుర్రు విన్నాను. మిక్సీ గొంతే, కాకపోతే నేర్పుగా ఆగి ఆగి పలికేది. గుండీలమ్మ పేరు ఎప్పుడు పోయిందో తెలియదు, అందరం మిషనమ్మ అనడం మొదలుపెట్టాం. మేస్త్రి ముసలివాడయ్యాక ఆ షాపే ఆమె చేతికొచ్చింది. కొడుకు ఇంకో మిక్సీ తెస్తానంటే అత్తగారు ఒప్పుకోలేదు. "ఇంట్లో ఉన్నది పనిచేస్తోందిగా, రెండోదెందుకు?" అనేది. డబ్బా పట్టుకుని నాలుగిళ్లూ తిరిగేది. ఏ ఇంట్లో ఏం జరుగుతోందో నాకన్నా ముందు ఆవిడకే తెలిసేది. ఇప్పుడనిపిస్తోంది, అందుకే ఒప్పుకోలేదేమో.

ఆవిడ పోయి ఆరు నెలలైంది. మొన్న గొడ్డలి కథ విన్నాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. తిన్నగా షాపుకి వెళ్లాను. మిషనమ్మ కిటికీ కింద కూర్చుని ఉంది. ఇప్పుడు కొన్న మోటార్లే వాడుతున్నారు, కానీ ఎడమ మోచేతి కింద అదే బెల్లు మీట, అరిగి నున్నబడిపోయింది.

"అమ్మాయ్, ఆ మిక్సీ నువ్వు పగలగొట్టావని ముప్ఫై ఏళ్ల కిందట వీధంతా చెప్పింది నేనే. ఇప్పుడు గొడ్డలితో పగలగొట్టావంటున్నారు," అన్నాను.

"తెలుసు," అంది, దారం కొరుకుతూ.

"మీ అత్తగారు నాకంతా చెప్పింది. ఇచ్చింది ఆవిడే కదా. మొదటి స్క్రూ తిప్పింది కూడా ఆవిడే కదా. మరి ఇన్నేళ్లు ఎందుకు ఊరుకున్నావు? ఒక్క మాట అనుంటే నా నోరు మూతపడేది. ఇప్పుడైనా అందరికీ తెలిసేలా రాసి పెడతాను."

మోచెయ్యి తీసింది. మిషను ఆగింది. కుడుతున్న కాలరు తిప్పి వెలుగులో చూసుకుని, నా వంక తిరిగింది.

"అత్తయ్య ఇచ్చిందని చెప్పుంటే మీరంతా ఏమనేవాళ్లు పెద్దమ్మా? పాపం కుంటిపిల్ల, అత్తగారికి ఎంత జాలో అనేవాళ్లు. ఆవిడ జాలిపడి ఇవ్వలేదు, ఒళ్లు మండి ఇచ్చింది. ఆ తేడా కుళాయి దగ్గర ఎవరికి చెప్పను? పగలగొట్టానని మీరు చెప్పాక, ఈ వీధిలో నన్ను చూసి పాపం అన్నవాళ్లు ఒక్కరు లేరు. మీరు రాసుకుంటానంటే రాసుకోండి. ఆ గొడ్డలి మాత్రం తీసేయకండి."