ఎదురు రోడ్డు చూసే సీటు

ఐర్లండ్‌లో నేవన్ వెళ్లే బస్సు తప్పిపోయి నిలబడితే, ఒక పెద్దాయన తన పాత అమెరికన్ కారు ఆపాడు. పక్కలకు చెక్క పట్టీలు, లోపల సోఫాల్లాంటి సీట్లు. అలవాటుగా ఎడమ తలుపు తీస్తే అక్కడ ఆయనే ఉన్నాడు. స్టీరింగ్ అటే! నవ్వుతూ కుడివైపు కూర్చోమన్నాడు.

కాసేపటికి మా ముందు నెమ్మదిగా వెళ్తున్న ట్రాక్టర్ ఒకటి అడ్డొచ్చింది. ఆయన కూర్చున్న వైపు నుంచి ఎదురొచ్చే బండ్లు కనబడవు.

“మా ఆవిడ ఆ సీట్లోంచి తొంగి చూసి చెప్పేది, ‘ఖాళీ, పోనివ్వు’ అని. వెనక పిల్లలు ఎంత గోల చేసినా ఆ మాట వినబడేది. పోయిన చలికాలంలో చనిపోయింది.”

నేను తొంగి చూశాను.

“ఖాళీగానే ఉందండీ, వెళ్లొచ్చు.”

కారు కొంచెం కుడికి జరిగి, మళ్లీ వెనక్కి తగ్గింది.

“గ్రాండ్, పర్లేదు. తొందరేం లేదులే,” అన్నాడాయన.

నేవన్ దాకా ట్రాక్టర్ వెనకే వెళ్లాం.