లారీ బాడీల భాగ్యమ్మ

మా ఫ్యాక్టరీలో వాసనలు ఉండవు. జడ్చర్ల దాటాక మహబూబ్‌నగర్ దారిలో ఉన్న ఈ ఎలక్ట్రిక్ బస్సుల ఫ్యాక్టరీలో నేను వెల్డింగ్ సూపర్‌వైజర్‌ని. ఇక్కడ లేచిన పొగను లేచినట్టే గొట్టాలు పైకి లాగేస్తాయి. రంగు వేసే గది తలుపులు ఎప్పుడూ మూసే ఉంటాయి. మొన్న ముసురు పట్టిన రోజు, బ్యాటరీలు వచ్చిన పెద్ద చెక్కపెట్టెలను మావాళ్ళు ఆరుబయట విప్పుతుంటే తడిసిన పచ్చి కట్టె వాసన గుప్పున కొట్టింది. పక్కనే ఎవరో గేటు ఊచలకు తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ రంగు పూస్తున్నారు. ఆ రెండు వాసనలూ కలిసేసరికి చేతిలో ఉన్న టీ తాగడం మరచి అక్కడే నిలబడిపోయాను. అవి అట్లా కలిసి ఉండే చోటు నాకు ఒక్కటే తెలుసు. మిర్యాలగూడ బయట, రైసుమిల్లుల వరుస దాటాక, లారీలకు బాడీలు కట్టే వీధిలో, భాగ్యమ్మ షెడ్డు.

ఇప్పటి వాళ్ళకు తెలియకపోవచ్చు. అప్పట్లో కొత్త లారీ అంటే ఇంజను, చక్రాలు, వాటిని మోసే ఇనుప చట్రం, అంతే. డ్రైవరు ముఖానికి తువ్వాల చుట్టుకొని, తాత్కాలికంగా బిగించిన సీటు మీద కూర్చొని, గాలికీ ఎండకూ ఓర్చుకుంటూ దాన్ని మా వీధికి తోలుకొచ్చేవాడు. తాను కూర్చునే క్యాబిన్ నుంచి వెనక వడ్లబస్తాలు మోసే తొట్టి దాకా అన్నీ మా వీధిలోనే తయారయ్యేవి. కమ్మరి, వడ్రంగి, పెయింటరు, వెల్డరు, ఒక్కో షెడ్డులో ఒక్కో చిన్న ఊరు ఉన్నట్టుండేది.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను ఆ వీధికి పోయాను. మా నాయిన దేవరకొండ దిక్కున గొర్రెలు కాసేవాడు. నేను నల్లగొండలో ఐటీఐ వెల్డింగ్ పూర్తిచేసి, సర్టిఫికెట్ జేబులో పెట్టుకొని షెడ్డు షెడ్డుకూ తిరిగాను. దసరా తర్వాత రమ్మన్నవాళ్ళే ఎక్కువ. భాగ్యమ్మ షెడ్డుకు పోయేసరికి ఆమె కొంగు నడుముకు దోపుకొని, ఒక చట్రం కింద వెల్లకిలా పడుకొని బోల్టులు చూస్తున్నది. భర్త గుండెనొప్పితో పోయినప్పుడు షెడ్డు అమ్ముకుంటుందని అందరూ అనుకున్నారట. కర్మలు అయిన మర్నాడే తాళం తీసి పని మొదలుపెట్టిందట. నా సర్టిఫికెట్ చూడనేలేదు. రెండు ఇనుప ముక్కలు అతకమన్నది. అతికాను. సుత్తితో ఒక్క దెబ్బ వేసింది, రెండూ విడిపోయాయి.

"చదువు అతికింది గని ఇనుము అతకలే," అన్నది నవ్వుతూ. "రేపటి సంది రా. అతికేదాక నేర్చుకుందువు."

ఆ షెడ్డుకు రెండో పెద్దదిక్కు వీరాచారి. తొట్టికి అడుగున పరిచే పలకలన్నీ ఆయన చేతివే. భాగ్యమ్మ భర్తా ఆయనా కలిసి వేసిన షెడ్డు అది. ఆమె ఆయనను చారన్నా అని పిలిచేది, ఆయన ఆమెను చెల్లె అనేవాడు. ఇద్దరూ పగలంతా కలిపి పది మాటలు మాట్లాడుకునేవాళ్ళో లేదో. మధ్యాహ్నం ఆయన తెచ్చిన జొన్నరొట్టెలో ఆమెకు సగం, ఆమె చేసిన పచ్చిపులుసులో ఆయనకు సగం.

భాగ్యమ్మకు ఒక పద్ధతి ఉండేది. కొత్త లారీ మొదటి లోడు ఎత్తిన రోజు, దాన్ని కట్టినవాళ్ళు అందులో కూర్చొని కొంతదూరం పోవాలి. మిల్లు నుంచి బియ్యం ఎత్తుకొని నల్లగొండ దాకానో, సాగర్ దాకానో. మొదటిసారి నేను పోయినప్పుడు తిప్పర్తి దాటకముందే నా అతుకు ఒకటి కిర్రుమనడం మొదలుపెట్టింది. గుంత వచ్చినప్పుడల్లా అరిచేది. నేను తల దించుకున్నాను. భాగ్యమ్మ పక్కనే కూర్చొని వింటున్నది. తిరిగొచ్చాక గ్రైండర్ నా చేతికిచ్చి దాన్ని విప్పించింది. మనం చేసిన వస్తువుతో మనమే కొంతసేపు బతకాలని ఆమె నమ్మకం. దాన్ని ఏనాడూ మాటల్లో చెప్పలేదు, చేయించింది.

కొన్నేళ్ళు పని బాగా నడిచింది. నీళ్ళు వచ్చి వడ్లు పెరిగాయి, లారీలు పెరిగాయి. ఆ తర్వాత మార్పు మెల్లగా మొదలైంది. మొదట క్యాబిన్ కూడా లారీ కంపెనీ నుంచే రావాలన్నారు. వీధిలో క్యాబిన్లు కట్టేవాళ్ళు ఖాళీ అయ్యారు. తర్వాత తొట్టితో సహా పూర్తిగా తయారైన బండ్లే వచ్చాయి. మిగతా షెడ్ల యజమానులు ఇది వచ్చిపోయే వాన అనుకున్నారు. ఇట్లాంటివి చాలా చూశామన్నారు. భాగ్యమ్మ మాత్రం, హైదరాబాద్‌లో కరెంటు బస్సులు తిరుగుతున్నాయని విని, చూసొద్దాం రమ్మని నన్ను వెంటబెట్టుకొని బయలుదేరింది.

ఆ రోజంతా మేము ఒకే బస్సులో ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగాం. ఆమె కిటికీలోంచి ఊరిని చూడలేదు. అరచేయి సీటు పక్కన రేకు మీద ఆనించి, కళ్ళు మూసుకొని కూర్చున్నది. డిపో దగ్గర వంగి బస్సు అడుగుభాగం చూస్తుంటే కండక్టరు కోప్పడ్డాడు. డ్రైవరు మంచివాడు, అడిగినవన్నీ చెప్పాడు. ఇంజను లేదు, గేర్లు లేవు, బ్యాటరీలు ఎక్కడున్నాయో చూపించాడు. సరుకు మోసే బండ్లు కూడా ఇట్లాంటివే వస్తున్నాయన్నాడు.

తిరుగు ప్రయాణంలో మా బస్సు చౌటుప్పల్ దాటింది.

"దీంట్ల మన చేతికి జాగ లేదు సైదులూ," అన్నది ఆ తర్వాత. "ఇయ్యాల బస్సు, రేపు లారీ. షెడ్డుల అందరికీ చెప్పాలె."

నాకు భయమేసింది. చేతిలో ఇంకా ఆర్డర్లున్నాయి, ఇప్పుడే చెబితే మంచి పనివాళ్ళు పోతారని అన్నాను. ఆమె నా దిక్కు తిరిగి చూసింది.

"పోనీ. పోవుటానికే చెప్తున్న."

మర్నాడు టీ వేళకు అందరినీ కూర్చోబెట్టింది. చూసింది చూసినట్టు చెప్పింది. ఇంకో రెండేళ్ళు ఈ పని ఈడ్చుకురాగలను, ఆ తర్వాత నా వల్ల కాదు, ఎవరి దారి వాళ్ళు వెతుక్కోండి, వెతకడంలో నేను సాయం చేస్తాను అన్నది. నేను అనుకున్నట్టే అందరికన్నా పనిమంతుడైన పెయింటరు నర్సింహ ఆ నెలలోనే యాదగిరిగుట్టకు పోయాడు. అక్కడ కొత్త లాడ్జీలకు బోర్డులు రాసే పని దొరికింది. చేతిలో ఉన్న లారీకి రంగు వేసేవాళ్ళు లేరు. భాగ్యమ్మే బ్రష్షు పట్టుకున్నది. ఆ లారీ మీద పువ్వులు కొంచెం వంకరగా వచ్చాయి. ఎదురుషెడ్డు యజమాని వచ్చి, నీ మాటలతో మా పనివాళ్ళు కూడా బెదురుతున్నారు, వీధి మొత్తం మునుగుతుంది అని గట్టిగా తగులుకున్నాడు. ఆమె ఆయనకు టీ పోసి, మీరూ ఒకసారి ఆ బస్సు ఎక్కి రండి అన్నది.

నేను పనిచేస్తున్న ఈ ఫ్యాక్టరీ అప్పుడే కడుతున్నారు. దేవరకొండ, కల్వకుర్తి మీదుగా బస్సులు మారి ఆమె ఇక్కడికి వచ్చింది. వంటపని కోసం వచ్చిందనుకొని వాచ్‌మన్ పేరు రాసుకొని పంపేశాడట. మళ్ళీ వచ్చింది. గేటు పక్కన నీడలో కూర్చొని, కారు దిగిన ప్రతి ఆఫీసరుకూ దండం పెట్టి తన దగ్గర వెల్డర్లున్నారని చెప్పింది. కొన్నిసార్లు తిరిగాక ఒక మేనేజరు మమ్మల్ని పరీక్షకు పిలిచాడు. నేనూ ఇంకో ఇద్దరూ పోయి, ముగ్గురమూ తప్పాం. మేము రాడ్డుతో మందపాటి ఇనుము అతికేవాళ్ళం. అక్కడ మిషన్‌లోంచి సన్నటి తీగ దానంతటదే వస్తుంది, పలుచటి రేకు అతకాలి. మా చేతి బరువుకు రేకు చిల్లులు పడింది.

నాకు చాలా చిన్నతనమనిపించింది. నేను ఇక్కడే ఉంటాను, ఏదైతే అదే అవుతుందని అన్నాను. ఒక వారం పోయాక భాగ్యమ్మ ఆటోలో ఒక పాత తీగమిషన్ దించింది. మా షెడ్డులో ఏ లారీకీ దానితో పనిలేదు. పగిలిన కూలర్ల రేకులు, పాత బీరువాల రేకులు తెచ్చి కుప్పపోసింది. మధ్యాహ్నం పని ఆపి మమ్మల్ని వాటి ముందు కూర్చోబెట్టేది. చెయ్యి తేలిక కావడానికి మాకు ఎండాకాలమంతా పట్టింది. తర్వాతిసారి ముగ్గురమూ గట్టెక్కాం. ఉద్యోగంలో చేరేందుకు నేను బయలుదేరిన రోజు, ఆమె షెడ్డు బయటికి కూడా రాలేదు. పని మధ్యలో ఉన్నానని లోపలి నుంచే చెయ్యి ఊపింది.

వీరాచారి సంగతే తేలలేదు. ఆయనకు అరవై దగ్గరపడింది. భాగ్యమ్మ ఇండ్ల తలుపులు చేసే దుకాణంలో ఆయన కోసం మాట్లాడింది, పోనన్నాడు. కొడుకు దగ్గర ఉండమన్నది, ఉండనన్నాడు. నేను ఇంకా షెడ్డులో ఉండగానే ఒకరోజు అందరి ముందూ, ఇది నీ మొగుడూ నేనూ వేసిన షెడ్డు, నువ్వు మూస్తున్నావు అన్నాడు. ఆమె ముఖం ఎట్లా మారిందో నేను చూశాను. ఆ రోజు నుంచి ఆయన ఆమెతో మాట్లాడటం మానేశాడు. రొట్టె ఒక్కడే తినేవాడు.

ఉద్యోగంలో చేరాక ఒక ఆదివారం మిర్యాలగూడ పోయాను. ఆమె చెప్పిన రెండేళ్ళు అప్పటికే దాటిపోయాయి. వీధిలో సగం షెడ్లకు తాళాలు. భాగ్యమ్మ షెడ్డు మాత్రం తెరిచే ఉంది. లోపల ఒక ట్రాక్టర్ ట్రాలీ, పలకలు కోస్తున్న వీరాచారి, పలక రెండో కొస పట్టుకొని భాగ్యమ్మ. ఇంకెవరూ లేరు. పాత లారీల పలకలు మార్చడం, ట్రాలీలు బాగుచేయడం, అంతే పని. రొట్టె మళ్ళీ సగం సగం అవుతున్నదని మధ్యాహ్నం తెలిసింది. ఎవరు ముందు మాట్లాడారో నేను అడగలేదు.

ఆయన చేతులు కడుక్కోవడానికి పోయినప్పుడు, అందరినీ పొమ్మని నువ్వెందుకు ఉన్నావక్కా అన్నాను.

"పోగలిగినోళ్ళను పంపిన," అన్నది ఆమె. "పోలేనోడు కూడ ఉంటడు గద సైదులూ. ఆయన చెయ్యి ఆడినన్ని రోజులు షెడ్డు ఉంటది."

ఆయన చెయ్యి ఇంకొంత కాలం ఆడింది. కంటి ఆపరేషన్ అయ్యాక కూడా కొన్నాళ్ళు వచ్చాడు. వేళ్ళు వణకడం మొదలయ్యాక ఒక పొద్దున తానే రంపం, చిత్రిక, బాడిశ గోనెసంచిలో కట్టుకొని, చాలు చెల్లె అన్నాడట. ఆ వారమే ఆమె షెడ్డు ఖాళీ చేసింది. ఇప్పుడు ఆ జాగాలో బ్యాటరీ ఆటోలు అమ్ముతున్నారు.

మా ఫ్యాక్టరీలో ఏడాదికి ఒకరోజు ఇంటివాళ్ళను లోపలికి రానిస్తారు. ఆ రోజు నా భార్యతో పాటు భాగ్యమ్మను కూడా తీసుకొచ్చాను. నేను గొప్పగా అన్నీ చూపించాను. మనిషి లేకుండా వెల్డింగ్ చేసే రోబో మరచేతుల దగ్గర ఆమె చాలాసేపు నిలబడింది. అతుకు మీద వేలితో రాసి, మంచిగున్నది అన్నది. తర్వాత నన్ను అడిగింది.

"దీని జాగల ముందుగాల ఎవరు నిలవడ్డరు?"

నలుగురు ఉండేవాళ్ళని చెప్పాను. వాళ్ళెక్కడికి పోయారని అడిగింది. ఇద్దరి సంగతే నాకు తెలుసు. పోయిన ఏడాది భాగ్యమ్మ కిడ్నీల జబ్బుతో నల్లగొండ దవాఖానలో కన్నుమూసింది. అంత్యక్రియలకు ఎక్కడెక్కడి నుంచో వెల్డర్లు, పెయింటర్లు వచ్చారు. అప్పట్లో తగువాడిన ఎదురుషెడ్డు యజమాని కూడా పాడె మోశాడు.

ఈ ఏడు మా విభాగానికి ఇంకొన్ని మరచేతులు వస్తున్నాయి. ఆ మాట మా సూపర్‌వైజర్లకు ముందే చెప్పారు. పండుగ దాకా కింది వాళ్ళకు తెలియనివ్వొద్దన్నారు. నేను మర్నాడు టీ వేళకే మావాళ్ళందరికీ చెప్పేశాను. పైవాళ్ళు పిలిచి గట్టిగానే మందలించారు, నాకు రావలసిన ప్రమోషన్ ఆగింది. కుర్రవాళ్ళు కొందరు అప్పుడే ఆ మరచేతులు నడిపే శిక్షణలో చేరారు. ఇద్దరు వేరే చోట పని చూసుకున్నారు. రాములన్న మాత్రం కదలలేదు. పాలమూరు లేబరుగా బొంబాయి, పూణె తిరిగి తిరిగి, సొంత జిల్లాలో పని దొరికిందని సంబరపడి చేరినవాడు. యాభై దాటాయి. శిక్షణకు పోయి మొదటిరోజే తిరిగి వచ్చాడు.

"నాతోని కాదు సైదులన్నా," అన్నాడు. "ఆ తెర చూస్తేనే కండ్లు తిరుగుతున్నయ్."

నాకు సొంత షెడ్డు లేదు. ఉన్నదల్లా ఒక సూపర్‌వైజర్ కుర్చీ, అది కూడా ఇప్పుడు అంత గట్టిగా లేదు. ప్రమాదాల్లో దెబ్బతిన్న బస్సులు మరమ్మతుకు మా దగ్గరికే వస్తాయి. ఏ రెండు బస్సులూ ఒకేలా నలగవు కనుక మరచేతులు వాటి జోలికి రావు. రాములన్నను అక్కడికి మార్చమని మేనేజరును అడిగాను. చూద్దామన్నాడు. మళ్ళీ అడిగితే, అందరి గురించీ నీకెందుకయ్యా అన్నాడు.

రాములన్న రోజూ నాకన్నా ముందే వచ్చి, తన చోట నిలబడి మాస్కు తుడుచుకుంటూ కనిపిస్తాడు. మరమ్మతు పని సంగతి ఏమైందని నన్ను అడగడు. సోమవారం మళ్ళీ పోయి మేనేజరును అడుగుతాను.